మీటరుకు అందని బేస్

సంపాదకులకు నమస్కారం.

ఊరేగింపుల్లో డీజేల మోత మీద మీ పేజీలో ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. అందరూ సౌండు తగ్గించమనే అడుగుతున్నారు. సౌండులో ఏ భాగం తగ్గించాలో కూడా అడగాలని నా మనవి. ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించి బతికేవాణ్ని, బేస్ అనే ఆ కింది స్వరాల భాగంతో నాకు రోజూ పనే.

నా దగ్గర ఆక్టేవ్ పెడల్ ఉంది. గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ సెకనుకు దాదాపు 82 సార్లు కంపిస్తుంది. పెడల్ తొక్కితే దాని కింద సరిగ్గా సగం, 41 కంపనాల స్వరం పుడుతుంది. బేస్ గిటార్ లావు తీగ పలికేది అదే. బేస్ వాయించే మనిషి రాని రోజు మా కచేరీ దీంతోనే గట్టెక్కుతుంది. పాతరకం పెడళ్లకు ఒకసారికి ఒక్క స్వరమే అర్థమవుతుంది, రెండు తీగలు కలిపి మీటితే తికమకపడి గురగురలాడతాయి.

డీజే బండ్లలో కొందరు పెట్టే బాక్సు దీనికి అన్నలాంటిది. డ్రమ్ము దెబ్బలోని బేస్‌ను పట్టుకుని, పాట చేసినవాళ్లు పెట్టని ఇంకో కింది స్థాయిని, అంటే సగం కంపనాల స్వరాన్ని, తయారుచేసి కలుపుతుంది. (డప్పుకు కూడా తగిలిస్తున్నారు. మంట మీద కాచి బిగువు తెచ్చుకునే వాద్యానికి ఈ బరువెందుకో!) ఎర్రముక్కపల్లెలో మా వీధిలోకి బండి మలుపు తిరగకముందే, పాట ఏదో తెలియకముందే, బీరువా తలుపు అదురుతుంది. గోడలు పై స్వరాలను చాలావరకు ఆపుతాయి గానీ ఈ మంద్రాన్ని అంతగా ఆపలేవు.

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లే పరిమితి. ఆ లెక్క మీటరులో 'ఏ' (A) అనే పద్ధతిలో కొలిచేది. చిన్న శబ్దాలు మన చెవికి ఎలా వినిపిస్తాయో చూసి పెట్టిన పద్ధతి కాబట్టి బేస్‌ను బాగా కోసేస్తుంది. 80 కంపనాల దగ్గర సుమారు 22.5 డెసిబెళ్లు, 40 దగ్గర 34.6 దాకా కోత. అంటే అదే బలంతో స్వరాన్ని ఒక స్థాయి కిందికి దించితే మీటరులో సుమారు 12 తగ్గిపోతుంది. 40 దగ్గర 90 డెసిబెళ్ల మోత మోగినా కనిపించేది 55! మా అమ్మ పడుకున్న మంచం మాత్రం 90కే అదురుతుంది. ఎవరైనా కొలవడానికి వస్తే పైన టాపులు (పై స్వరాల స్పీకర్లు) తగ్గించి, కింద సబ్‌లు (బేస్ స్పీకర్లు) అలాగే ఉంచుతారు. అంకె దిగిపోతుంది, అందరూ వెళ్లిపోతారు.

చాలా మీటర్లలో 'సీ' (C) పద్ధతి కూడా ఉంటుంది. అందులో 40 దగ్గర కోత రెండు డెసిబెళ్లే. అధికారులు రెండూ చూసి రాసుకోవాలి. 'సీ' అంకె 'ఏ' కన్నా 20 ఎక్కువుంటే గొడవంతా బేస్‌దేనని తెలిసిపోతుంది. ముందు ఆ బాక్సు ఆపించి, సబ్‌లు తగ్గించమనండి, పాటకేమీ లోటు రాదు. నియమాల్లో 'సీ'కి పరిమితి లేదు కాబట్టి, వచ్చే వినాయక చవితికి అనుమతులు ఇచ్చేటప్పుడే దీన్ని షరతుగా రాయించాలని కోరుతున్నాను.

– ఒక గిటార్ వాద్యకారుడు, ఎర్రముక్కపల్లె, కడప