తల్లిదండ్రుల సంఘం వార్షిక నివేదిక, 2025–26

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం పని ఎక్కువగా పిల్లల రికార్డుల చుట్టూనే తిరిగింది. పాఠాలు, ఆటల కంటే పేరులో ఒక్క అక్షరం మీద ఇంత సమయం పోవడం మాకూ నచ్చలేదు. కానీ అది కుదరకపోతే స్కాలర్‌షిప్ దగ్గర నుంచి పదో తరగతి మెమో దాకా అన్నీ ఇరుక్కుంటాయి. అందుకే హెచ్ఎం గారు చెప్పమన్న వివరాలన్నీ ముందుగా ఇస్తున్నాం.

అపార్ అంటే ప్రతి విద్యార్థికి ఇచ్చే 12 అంకెల నంబరు. తల్లి గానీ తండ్రి గానీ అంగీకార పత్రం మీద సంతకం చేయాలి. యూడైస్‌లో (బడుల వివరాలు ఉంచే ప్రభుత్వ వెబ్‌సైట్) బడి ఎక్కించిన పేరు, పుట్టిన తేదీ, ఆడా మగా అన్న వివరం ఆధార్‌తో పొల్లు పోకుండా కలవాలి. ఎక్కువ దరఖాస్తులు ఇంటిపేరు దగ్గరే ఆగుతున్నాయి. అడ్మిషన్ రిజిస్టర్‌లో ‘కె. లక్ష్మి’ అని ఉంటుంది, ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. ఆపైన లక్ష్మికి ఇంగ్లిష్ స్పెల్లింగ్ బర్త్ సర్టిఫికెట్‌లో ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి. కంప్యూటర్ లెక్కలో వీళ్లు ఇద్దరు వేర్వేరు పిల్లలు.

సరిచేయించేటప్పుడు వరస ముఖ్యం. మొదట బర్త్ సర్టిఫికెట్, దాన్నిబట్టి ఆధార్, ఆఖర్న బడి రికార్డు. ముందే ఆధార్ మార్పించుకుంటే, తర్వాత సర్టిఫికెట్‌లో వేరే స్పెల్లింగ్ బయటపడి మళ్లీ మొదటికొస్తారు. అలా మళ్లీ మళ్లీ తిరగడానికి ఆధార్ ఒప్పుకోదు. పేరు రెండుసార్లే మార్చుకోవచ్చు, పుట్టిన తేదీ ఒక్కసారే. ఆధార్ సెంటర్‌లో ఆపరేటర్ టైప్ చేసింది స్క్రీన్ మీద మీరే ఒక్కో అక్షరం చదివి చూసుకోండి, తొందరపడి సరే అనకండి. కొందరి బర్త్ సర్టిఫికెట్‌లో బిడ్డ పేరు గడి ఖాళీగానే ఉంది. పుట్టుక రిజిస్టరైన 15 ఏళ్లలోపు పేరు చేర్పించుకోవచ్చు, మీసేవలో దరఖాస్తు పెట్టాలి.

ఆధార్‌కు వేలిముద్రలు, కంటిపాప వివరాలు 5 ఏళ్లు నిండాక ఒకసారి, 15 నిండాక ఇంకోసారి కొత్తగా ఇవ్వాలి. 7 నుంచి 15 ఏళ్ల పిల్లలకు ఇందుకు కట్టే రుసుమును 2025 అక్టోబరు 1 నుంచి ఏడాదిపాటు ఎత్తేశారు. వేసవి సెలవుల్లో ఈ పని ముగించుకోండి.

ఎనిమిదో తరగతి వారు రాసే కేంద్ర స్కాలర్‌షిప్ పరీక్ష ఎన్ఎంఎంఎస్ సంగతి. ఎంపికైతే 9 నుంచి 12వ తరగతి దాకా ఏడాదికి రూ. 12,000 వస్తుంది. కుటుంబ ఆదాయం రూ. 3.5 లక్షలు దాటకూడదు. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలే అర్హులు. మెంటల్ ఎబిలిటీ 90 ప్రశ్నలు, సబ్జెక్టులు 90 ప్రశ్నలు, ఒక్కో పేపరుకు 90 నిమిషాలు. మన పిల్లలు వెనకబడేది మొదటి పేపర్లోనే. సైన్సు, లెక్కలు బళ్లో చదువుతారు కాబట్టి నెట్టుకొస్తారు, అంకెల వరసలు, బొమ్మల తర్కం మాత్రం విడిగా సాధన చేయించాల్సిందే. ఎంపికయ్యాక కూడా డబ్బు పడకపోవడానికి మామూలు కారణం బ్యాంకు ఖాతా. ఖాతాకు ఆధార్ ఇచ్చామంటే సరిపోదు, ప్రభుత్వ సొమ్ము ఆ ఖాతాకే వచ్చేలా ఎన్‌పీసీఐలో (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) నమోదైందా అని బ్యాంకులో అడగండి. స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఏటా రెన్యువల్ చేయాలి. మరిచిపోతే ఆ ఏడాది సొమ్ము పోయినట్టే.

తొమ్మిది నుంచి పదికి వచ్చేవారు నామినల్ రోల్ (పదో తరగతి పరీక్ష రాసేవారి జాబితా) వెళ్లకముందే బళ్లో పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ చూసుకుని సంతకం చేయాలి. మెమో అచ్చయ్యాక తప్పు కనబడితే హెచ్ఎం ద్వారా నాంపల్లిలోని ప్రభుత్వ పరీక్షల విభాగానికి ఫైలు వెళ్లాలి. ఆ లోపు ఇంటర్ అడ్మిషన్ వచ్చి పడుతుంది.

నీళ్ల విషయం. జలమండలి నీళ్లు సంపులోకి, అక్కడి నుంచి 2,000 లీటర్ల ట్యాంకులోకి ఎక్కుతాయి. నిండు ట్యాంకుకు మంచి బ్లీచింగ్ పౌడర్ 5 గ్రాములు చాలు. పొడిని నేరుగా చల్లితే సున్నం అడుగున పేరుకుని కుళాయిలకు అడ్డం పడుతుంది. మగ్గులో కొద్ది నీళ్లతో కలిపి, కాసేపు కదలకుండా ఉంచి, పైన తేరిన నీళ్లే పోయాలి. అర గంట తర్వాత క్లోరోస్కోప్‌లో (నీళ్లలో క్లోరిన్‌ను రంగుతో చూపే చిన్న కిట్) చూస్తే లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. రంగు రాకపోతే మొదట పౌడర్‌నే అనుమానించాలి, మూతి తెరిచి ఉంచిన సంచిలో గాలికి, తేమకు క్లోరిన్ పోతుంది. ఇకమీదట చిన్న ప్యాకెట్లే కొంటాం, ఖరీదు కాస్త ఎక్కువైనా.

మధ్యాహ్న భోజనంలో ప్రైమరీ పిల్లలకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు. పైతరగతులకు 150, 30, 75. వడ్డించే ముందు ఒక టీచరుతో పాటు పెద్దవాళ్లు రుచి చూడాలి. ఈ వంతుకు రాగలిగిన తల్లులు, తండ్రులు తమ తరగతి టీచరుకు పేరు ఇవ్వండి. వంట ఆలస్యమయ్యే రోజుల్లో రుచి చూడకుండానే వడ్డించే ప్రమాదం ఎక్కువ, ఆ రోజే మీ అవసరం.

జమాఖర్చుల పట్టిక హెచ్ఎం గది బయట అంటించాం. రశీదులు కోశాధికారి దగ్గర ఉన్నాయి, సభ్యులెవరైనా అడిగి చూడవచ్చు.