వికటకవి తిరగబడిన వేసవి

తెనాలి,
మే 30.

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం వచ్చి ఇరవై రోజులు దాటింది. కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడం నేర్చుకోవడానికి పొద్దున ఏడున్నరకల్లా పిల్లలు వచ్చేవారు, ఎండ ముదిరే వేళకు, పదిన్నరకు, వెళ్లిపోయేవారు. మర్నాటి పాఠం సిద్ధం చేసుకునేసరికి నాకు సాయంత్రం అయ్యేది. అందుకే జవాబు రాయలేకపోయాను. నిన్నటితో తరగతులు అయిపోయాయి. ఇవాళ కూడా అలవాటు కొద్దీ నల్లబల్ల తుడవబోయి, ఇంకెవరూ రారని గుర్తొచ్చి, ఆ చేత్తోనే కాగితం తీశాను. ఈ సంగతులన్నీ ముందు నీకే చెప్పాలనిపించింది. నువ్వు తెలుగు మాస్టారువి కాబట్టి ఇందులో నీ పని కూడా ఒకటి ఉంది. అది చివర చెబుతాను.

మా అమ్మమ్మగారి పాత ఇల్లు నీకు గుర్తుందిగా, కాలువ గట్టున పొడుగాటి వసారా ఉన్న ఇల్లు. తరగతి అక్కడే. ఆరు నుంచి తొమ్మిది చదివే పిల్లలు 21 మంది, పాత ల్యాప్‌టాపులు తొమ్మిది. హైదరాబాద్‌లో నాతో పనిచేసినవాళ్లు తలా ఒకటి ఇచ్చారు. ఇద్దరికి ఒకటి కూడా లేనట్టే కదా అని మొదట దిగులుపడ్డాను. తర్వాత అదే మేలనిపించింది. మీటలు నొక్కేవాళ్లు నోరు మెదపకూడదు, పక్కనున్నవాళ్లు చెప్పిందే నొక్కాలి, పావుగంటకోసారి చోట్లు మారాలి అని నియమం పెట్టాను. ఒకరికి అర్థమయ్యేలా చెప్పాలంటే ముందు తనకు అర్థం కావాలి. పిల్లల నోట పాఠం వినబడింది ఆ నియమం వల్లే.

ఇదే ఊళ్లో కొన్నేళ్ల కిందట ఒక శిక్షణ కేంద్రంలో పిల్లలకు ప్రోగ్రాములను ఎక్కాల్లా వల్లె వేయించడం నా కళ్లారా చూశాను. కంప్యూటర్ ముట్టుకోకుండానే నోటు పుస్తకంలో అరవై ప్రోగ్రాములు ఎక్కించి, పరీక్ష పెట్టి, సర్టిఫికెట్ ఇచ్చారు. ఆ పుస్తకం చూసినప్పుడు కలిగిన బాధే నన్ను ఈ వసారాలో కూర్చోబెట్టింది. ప్రోగ్రాం అంటే పిల్ల తన బుర్రలో ఉన్నదాన్ని యంత్రానికి విప్పి చెప్పడం. వేరొకరి బుర్రలోది తన పుస్తకంలోకి ఎక్కించుకుంటే అది ప్రోగ్రాం కాదు.

మొదటి వారం తాబేలుతో గడిచింది. 1967లో అమెరికాలో సీమోర్ పాపర్ట్, సింథియా సోలొమన్, వాలీ ఫోయర్‌జైగ్ కలిసి పిల్లల కోసం లోగో అనే కంప్యూటర్ భాష తయారు చేశారు. ఆ తర్వాత కొన్నాళ్లకు అందులోకి తాబేలు వచ్చింది. ముందుకు నడువు, ఎడమకు తిరుగు అని చెబితే అది నడిచినంత మేరా గీత పడుతుంది. ఇప్పుడు మేం వాడిన పైథాన్ అనే కంప్యూటర్ భాషలోనూ ఆ తాబేలు ఉంది. సమబాహు త్రిభుజం గీయమంటే అందరూ 60 డిగ్రీలు తిప్పారు, బొమ్మ కలవలేదు. ఒక పిల్లవాడిని వసారాలో సుద్దగీత మీద నడిపించాను. మూల దగ్గర తన ఒళ్లు ఎంత తిరుగుతోందో చూసుకుని, "అబ్బో, చాలా తిరగాలి మాస్టారూ" అన్నాడు. 120 అని వాళ్లే పట్టుకున్నారు.

అసలు చిక్కు 'వైల్' దగ్గర వచ్చింది. ఒక షరతు నిలిచినంతసేపూ చేసిన పనే చేస్తూ ఉండు అని చెప్పే మాట అది. బిందె నిండేవరకు నీళ్లు పట్టడం, బస్సు వచ్చేవరకు నిలబడటం అంటూ నేను చెప్పిన ఉదాహరణలన్నీ తలలూపి విన్నారు గానీ, ప్రోగ్రాంలో రాయమంటే ఎవరికీ చేయి ఆడలేదు. ఆ విరామంలో ఏడో తరగతి అమ్మాయి ఒకతె వసారా మెట్టు మీద సుద్దముక్కతో ముగ్గు చుక్కలు పెడుతోంది. ఎన్ని చుక్కలమ్మా అని అడిగాను. తల ఎత్తకుండానే చెప్పింది: "ఏడు చుక్కలు, సందు చుక్క, నాలుగు వచ్చే వరకు."

నా ఒళ్లు ఝల్లుమంది మిత్రమా. నేను రెండు రోజులుగా చెప్పలేక అవస్థ పడుతున్నదంతా ఆ ఒక్క వాక్యంలో ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి, ప్రతి వరుసకూ ఏం మారాలి, ఎప్పుడు ఆగాలి, మూడూ ఉన్నాయి. మన అమ్మలూ అమ్మమ్మలూ దీన్ని నోటితోనే ఒకరికొకరు అందించుకుంటూ వచ్చారు. ఆ అమ్మాయినే లేపి బల్ల దగ్గర నిలబెట్టి పాఠం చెప్పమన్నాను. నడుమ వరుస ఏడు, దాని పైనా కిందా ఆరు, అయిదు, నాలుగు, ప్రతి వరుసా సగం జరగాలి అని తను చెబుతుంటే మిగతావాళ్లు ప్రోగ్రాం రాశారు. నడిపి చూస్తే 37 చుక్కలు రావలసిన చోట 29 వచ్చాయి. పై వరుసా కింది వరుసా లేవు. చుక్కల సంఖ్య నాలుగు కంటే ఎక్కువ ఉన్నంతసేపు అని రాశారు మరి. అప్పుడు జరిగిన వాదన నువ్వు వినవలసింది. 'నాలుగు వచ్చే వరకు' అంటే నాలుగు లెక్కలోకి వస్తుందా రాదా? "నాలుగు పెట్టాకే ఆపాలి, నాలుగు అనుకోగానే కాదు" అని ఆ అమ్మాయి తీర్పు చెప్పింది. సమానం గుర్తు ఒకటి చేరింది, ముగ్గు నిండింది. చుక్కకూ చుక్కకూ దూరం 40 పెట్టి, వరుసల మధ్య ఎంత ఉండాలంటే కంటితో చూసి 35 అంది. లెక్క వేస్తే 34.64 వచ్చింది. ఏళ్ల తరబడి వాకిట్లో వేసిన చేతికి అది తెలిసే ఉంటుంది.

ఆ రోజు నుంచి బయటి ఉదాహరణలు మానేశాను. ప్రోగ్రాంలో మనం పెట్టుకునే పేర్లు కూడా తెలుగులోనే పెట్టించాను. పైథాన్ అందుకు ఒప్పుకుంటుంది. 'ఇఫ్', 'వైల్' లాంటి కొన్ని మాటలు ఇంగ్లిష్‌లో ఉండక తప్పదు గానీ, పొడవు, చుక్కలు, వరుస అని పేర్లు నిక్షేపంగా పెట్టుకోవచ్చు. దీనికోసం మన భాషల్లో టైపు చేసే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్పాను. హల్లులు కుడిచేతి వైపు, అచ్చులూ గుణింతాలూ ఎడమచేతి వైపు ఉంటాయి. నాలుగు రోజుల్లో పిల్లల వేళ్లు దారి పట్టాయి. ఇంగ్లిష్ మాధ్యమంలో చదివే ఇద్దరు పిల్లలు మొదట ముఖం చిట్లించారు. వారం తిరిగేసరికి వాళ్లే ఒత్తులు తప్పు లేకుండా కొట్టసాగారు.

ఇక అసలు కథ. ఒక పదంలో ఎన్ని అక్షరాలున్నాయో చెప్పే 'లెన్' అనే మాట ఉంది. ఎవరి పేరు వాళ్లు కొట్టి చూసుకోమన్నాను. ఒక పిల్లవాడు 'అమ్మ' అని కొట్టాడు. నాలుగు అని వచ్చింది. రెండక్షరాల అమ్మకు నాలుగేమిటని గొడవ మొదలైంది. అంతలో వాడి పక్కనున్న పిల్ల, "మనం నొక్కింది నాలుగే కదా" అంది. అ, మ, పొల్లు, మళ్లీ మ. నిజమే. యంత్రం లోపల దాచుకునేదీ అదే. లిపుల్లోని ప్రతి గుర్తుకూ ఒక నంబరు ఇచ్చే పద్ధతి యూనికోడ్; 1991లో దాని మొదటి కూర్పు వచ్చినప్పుడే అందులో తెలుగు ఉంది. మన లిపికి 128 గళ్ల వీధి ఒకటి కేటాయించారు. ఆ వీధిలో 'అ' ఇంటి నంబరు 3077, 'మ' 3118, పొల్లు 3149. పిల్లలు తమ పేర్లన్నీ నంబర్లలో రాసుకుని ఒకరికొకరు రహస్య చీటీలు పంపుకున్నారు. ఒక చిన్నది వచ్చి, "దీర్ఘానికీ గుడికీ నంబర్లు ఉన్నాయి, మరి తలకట్టు ఏది మాస్టారూ?" అని అడిగింది. తలకట్టుకు వేరే ఇల్లు లేదు, 'క' అనగానే అందులోనే ఉంటుంది, గుడి వస్తే తను తప్పుకుంటుంది అని చెప్పాను. ఆ ప్రశ్న ఆరో తరగతి పిల్ల అడిగిందంటే నువ్వు కూడా సంతోషిస్తావని తెలుసు.

మర్నాడు, ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకేలా ఉండే పదాలను పట్టుకునే ప్రోగ్రాం రాయించాను. పదాన్ని తిప్పడం, మొదటిదానితో పోల్చడం, అంతే. జలజ అంటే అవునంది. కనక, నటన, సరస అన్నింటికీ అవునంది. తెనాలి పిల్లలు కదా, అందరూ ఒక్కసారే 'వికటకవి' కొట్టారు. కాదు అంది.

వసారా అంతా గగ్గోలు. కాళికాదేవి తెనాలి రామకృష్ణుడికి ఇచ్చిన బిరుదు ఈ ఊళ్లో ఉగ్గుపాలతో నేర్చే మాట. అది తిరగేసినా మారదని ఊహ తెలిసినప్పటి నుంచి వింటున్నారు. "మన రామకృష్ణుడి మాట తప్పంటుందా ఇది?" అని ఒకడికి నిజంగానే కోపం వచ్చింది. కారణం నాకు తెలుసు. చెప్పలేదు. నాలుక చివరిదాకా వచ్చినా ఆపుకున్నాను. తిప్పిన పదాన్ని తెర మీద చూడండి అని మాత్రం అన్నాను. మొదట చుక్కల వలయం మీద ఒంటరి గుడి, తర్వాత 'వకటకివ'. రెండు రోజులు దాన్ని చూస్తూ కూర్చున్నారు. ఇళ్లకు వెళ్లేటప్పుడు కూడా దాని గురించే మాట్లాడుకున్నారట.

మూడో రోజు ముగ్గు అమ్మాయే పట్టుకుంది. గుడి తన అక్షరాన్ని వదిలి పక్క అక్షరం మీదికి పోయింది, అది తప్పిపోకుండా ముందు కట్టేయాలి, ఆ తర్వాతే తిప్పాలి అంది. వాళ్ల భాషలోనే రాశారు: ఒక్కో గుర్తునూ చూడు, అది గుణింతపు గుర్తు అయితే ముందున్న అక్షరానికి అతికించు, కాకపోతే కొత్త అక్షరం మొదలుపెట్టు. గుణింతపు గుర్తులు ఏవేవని యంత్రానికి చెప్పాలి కాబట్టి, 21 మందీ గొంతు కలిపి దీర్ఘం, గుడి, గుడిదీర్ఘం, కొమ్ము అని గుణింతం చదువుతుంటే ఒకడు జాబితా కొట్టాడు. ఒకటో తరగతి చదువు తొమ్మిదో తరగతిలో మళ్లీ పనికొచ్చింది. సున్న, విసర్గ, పొల్లు కూడా చేర్చారు. వికటకవి అవునంది. ఆ కేరింతలకు పక్కింటివాళ్లు గోడ మీదుగా తొంగిచూశారు.

తర్వాత పదాల వేట. పులుపు, కునుకు, నందనం, టమాట. పిల్లలు వంటింట్లోకీ పుస్తకాల్లోకీ దూరి తెచ్చారు. అన్నీ గెలిచాయి. 'ముత్యము' దగ్గర మళ్లీ ఓడిపోయింది. 'త్య' రెండు ముక్కలై, య ఒకవైపు, పొల్లు త ఒకవైపు విడిపోయాయి. ఈసారి ఎవరూ యంత్రాన్ని తిట్టలేదు. పొల్లు వచ్చాక హల్లు వస్తే అది ఒత్తు, దాన్నీ అతికించాలి అని ఇంకో షరతు పెట్టారు. అరగంట కూడా పట్టలేదు.

నేను ఇరవై ఏళ్లు ప్రోగ్రాములు రాసి జీతం తీసుకున్నవాడిని. ఎర్ర అక్షరాల్లో తప్పు కనబడితే పెద్దవాళ్లు కూడా బెదరడం చూశాను. ఈ పిల్లలు మొదటి వారంలో ఎరుపు చూస్తే మూత వేసేసేవారు. చివరి వరుస ముందు చదవండి, అసలు సంగతి అక్కడే ఉంటుంది అని నేర్పి, ఒక 'తప్పుల పుస్తకం' పెట్టించాను. ఏ తప్పు వచ్చింది, ఎందుకు వచ్చింది, ఎలా పోయింది అన్నది తెలుగులో రాయాలి. నిన్నటికి నూరు పేజీల పుస్తకం నిండి రెండోది మొదలైంది. మార్కులు వేయమని ఎవరూ అడగలేదు. తప్పు దొరికితే రాసుకోవడానికి పోటీపడ్డారు.

కొందరు తండ్రులు ఇది నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందా అని అడిగారు. కూలి మానుకుని వచ్చి అడిగిన మనుషులకు తేలిక మాట చెప్పలేను. ఇంకా పదేళ్ల మాట అది అని ఉన్నదున్నట్టు చెప్పాను. ముగ్గు అమ్మాయి తల్లి మాత్రం వేరే పని మీద వచ్చింది. తెర మీద 37 చుక్కలు పడటం చూసి, "సందు చుక్క బాగానే పెట్టింది, మెలిక ముగ్గు కూడా వేస్తుందా?" అని అడిగింది. వచ్చే వేసవికి ఆవిడ చేతే రెండు రోజులు పాఠం చెప్పించాలని నిశ్చయించుకున్నాను. మెలికలు ప్రోగ్రాంలో ఎలా పట్టాలో నాకు ఇంకా తెలియదు. ఆవిడ దగ్గర కూర్చుని నేర్చుకోవాలి.

ఇక నీ పని. డిగ్రీలో ఉండగా నువ్వు మా అందరికీ భ్రమకం గురించి చెప్పావు, పాదం మొత్తం, ఒక్కోసారి పద్యం మొత్తం తిరగేసి చదివినా అదే వచ్చేలా మన కవులు రాశారని. ఆ మాట పిల్లలకు చెప్పాను. పద్యం మొత్తమా అని నోరు తెరిచారు. అప్పటి నుంచి ప్రాణం తీస్తున్నారు. బడులు తెరిచేలోపు ఒకటి రెండు పద్యాలు పొల్లు పోకుండా రాసి పంపు. మధ్యలో ఖాళీలు, విరామచిహ్నాలు అడ్డొస్తాయని ముందే గ్రహించి వాటిని తీసేసే వరుస కూడా రాసుకున్నారు.

ఒక్కటి మాత్రం వాళ్లకు తెలియదు. వాళ్ల గుర్తుల జాబితాలో అరసున్న లేదు, ఎందుకంటే ఆ పిల్లల్లో ఎవరూ దాన్ని చూసి ఉండరు. నీకు దొరికితే అరసున్న ఉన్న పద్యమే ఏరి పంపు. నేను ముందుగా ఏమీ చెప్పను.

ఇంట్లో అందరినీ అడిగానని చెప్పు.

నీ స్నేహితుడు