సరిపోయింది సరే, ఎక్కడ సరిపోయింది?

సంపాదకులకు,

సోలార్ సెల్, బ్యాటరీ వార్తల్లో ‘సిమ్యులేషన్ ఫలితం ప్రయోగంతో సరిపోయింది’ అని తరచూ రాస్తుంటారు. ఎలక్ట్రాన్ బదిలీ విషయంలో ఆ మాటకు విలువ ఉందా లేదా అన్నది ఏ పరిస్థితిలో సరిపోయిందన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఈ బదిలీ వేగాన్ని లెక్కగట్టే మార్కస్ సిద్ధాంతం ప్రకారం చర్యలో విడుదలయ్యే శక్తి పెరిగేకొద్దీ వేగం పెరుగుతుంది, పునర్వ్యవస్థీకరణ శక్తిని (ఎలక్ట్రాన్ మారినప్పుడు అణువులూ వాటి పరిసరాలూ కొత్త అమరికకు సర్దుకోవడానికి కావలసిన శక్తిని) దాటాక తగ్గుతుంది. ఈ తగ్గుదల 1984లో ప్రయోగంలో తేటతెల్లమైంది. పునర్వ్యవస్థీకరణ శక్తి 1 ఎలక్ట్రాన్ వోల్ట్ అనుకుంటే, గది ఉష్ణోగ్రతలో విడుదలయ్యే శక్తి 0.5 దగ్గరా 1.5 దగ్గరా వేగం ఒకటే, గరిష్ఠంలో సుమారు 11వ వంతు. నిజం అణువుల్లో వేగంగా కంపించే బంధాల క్వాంటం ప్రభావం వల్ల 1.5 వైపు అంతగా పడిపోదు. ఉజ్జాయింపు పద్ధతుల సత్తా తేలేది అక్కడే. 0.5 వైపు దాదాపు అన్నీ పాసవుతాయి!

క్వాంటం ప్రభావాలను ఉజ్జాయింపుగా లెక్కించే రింగ్ పాలిమర్ పద్ధతినే తీసుకోండి. ఇందులో ఒక్కో కణం స్ప్రింగులతో కలిపిన పూసలదండ. ఓ-హెచ్ బంధం కంపనం సెంటీమీటరుకు సుమారు 3,600 తరంగాలు. 300 కెల్విన్ దగ్గర ఉష్ణశక్తి అదే లెక్కలో 209. నిష్పత్తి 17, పూసలు దానికంటే బాగా ఎక్కువ ఉండాలి కాబట్టి 32 పెడతారు. 100 కెల్విన్‌కు దింపితే నిష్పత్తి 52 అవుతుంది. పూసలు పెంచకపోతే టన్నెలింగ్ (చాలినంత శక్తి లేకున్నా కణం అడ్డంకిని దాటిపోవడం) కొంత లెక్కలోంచి జారిపోతుంది. పూసలు ఎన్ని పెంచినా, శక్తి మరీ ఎక్కువ విడుదలయ్యే వైపు మామూలు రింగ్ పద్ధతి వేగాన్ని ఎక్కువగానే చూపిస్తుంది. అక్కడి టన్నెలింగ్ దారిలో బదిలీకి ముందు, తర్వాత ఉండే రెండు స్థితుల్లో ఒకదానికి రుణాత్మక కాల్పనిక కాలం (లెక్కలో వాడే కాలం, పూసలు దాని ముక్కలే) కావాలి, రుణ సంఖ్యలో పూసలు పెట్టలేం కదా. పూసలదండలతోనే వేగాన్ని లెక్కించే మరో పద్ధతి, వోలైన్స్ సిద్ధాంతాన్ని 2018లో ఆ వైపుకు పొడిగించారు: లెక్క అందే మేర వక్రరేఖ గీసి ముందుకు లాగడమే. ఎక్కువ దూరం లాగితే అదీ నమ్మదగ్గది కాదు.

పరీక్ష పద్ధతిగా చేయాలంటే, స్పిన్-బోసాన్ నమూనాకు (రెండు ఎలక్ట్రాన్ స్థితులు, వాటి చుట్టూ కంపనాలు మాత్రమే ఉండే సరళ నమూనా) హైరార్కీ సమీకరణాలతో (అంచెలుగా ముడిపడిన క్వాంటం సమీకరణాలతో) కచ్చితమైన వేగం రాబట్టాలి. అంచెల లోతు పెంచినా సంఖ్య కదలనప్పుడే దాన్ని ప్రమాణంగా తీసుకోవాలి. రెండు స్థితులను కలిపే బలహీన కప్లింగ్‌ను (లంకెను) సగం చేస్తే వేగం నాలుగో వంతుకు రావాలి. రాకపోతే ముందు ప్రోగ్రామ్‌ను అనుమానించండి. చలిలోనూ చూడాలి: బ్యాక్టీరియాలోని సైటోక్రోమ్ అనే ప్రోటీన్‌లో సుమారు 100 కెల్విన్ దిగువన వేగం దాదాపు మారదని శాస్త్రవేత్తలు డెవాల్ట్, ఛాన్స్ 1966లోనే చూపారు.

ఫలితాన్ని లాగ్ గ్రాఫులో (ఒక్కో మెట్టుకు పది రెట్లు పెరిగే గ్రాఫు) వేస్తే మూడు రెట్ల తేడా కూడా చిన్నగా కనిపిస్తుంది. ఉజ్జాయింపు వేగాన్ని కచ్చితమైన వేగంతో భాగించి, ఆ సంఖ్యలు అచ్చు వేయమని పరిశోధకులను మీ విలేకరులు అడగాలి. గది ఉష్ణోగ్రత దగ్గర ఈ చిన్న నమూనాకు ల్యాప్‌టాప్ చాలు.

– భౌతిక రసాయన శాస్త్ర అధ్యాపకులు, హైదరాబాద్