గోదావరి దాటని మాత్ర

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఉత్తరాల శీర్షికలో ఒక పాఠకుడు కోనసీమ గురించి రాశారు. బస్టాండుల్లో, గుడి మెట్ల మీద తిరిగే మతిస్థిమితం లేనివారిని పోలీసులు తీసుకువెళ్లి విశాఖలో చేర్చాలనీ, మన జిల్లాకు కూడా ఒక పెద్ద మానసిక వైద్యశాల కట్టాలనీ ఆయన కోరారు. ఆయన రాసింది కోపంతో కాదు, జాలితోనే. జాలిపడేవారికైతే నాలుగు మాటలు చెప్పవచ్చని ఈ ఉత్తరం రాస్తున్నాను. మా ఇంట్లో పదహారేళ్లుగా ఈ జబ్బు ఉంది. మా తమ్ముడికి.

మాది వైనతేయ పాయ పక్కన ఒక లంక గ్రామం. నేను డ్వాక్రా సంఘాల లెక్కల పుస్తకాలు రాస్తుంటాను. తమ్ముడు ఐటీఐ చదువుతుండగా, గోడ అవతలి నుంచి ఎవరో తనను తిడుతున్నారని చెప్పడం మొదలుపెట్టాడు. గోడ అవతల అరటితోట తప్ప ఏమీ లేదు. గాలి సోకిందన్నారు కొందరు, చేతబడి అన్నారు కొందరు. తాయెత్తులు కట్టించాం. మూడు అమావాస్యలు గుడిలో నిద్ర చేయించాం. ఒక రాత్రి వాడు ఇంట్లోంచి లేచి గోదావరి వైపు పరుగెత్తాడు. మా నాన్న దింపు పని చేసేవాడు. తాను కొబ్బరిచెట్లు ఎక్కే మోకుతోనే కొడుకును పెరట్లో స్తంభానికి కట్టేశాడు. పదకొండు రోజులు. అన్నం ముద్దలు చేసి నేనే తినిపించాను, కట్టు మాత్రం విప్పలేదు. ఇంకొకరి తప్పులు ఎంచేముందు నేను ఒప్పుకోవాల్సింది ఇది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, రోగులను గొలుసులతో కట్టి ఉంచిన పాకకు నిప్పంటుకుని 28 మంది చనిపోయారు. ఆ సంగతి చాలా ఆలస్యంగా చదివాను. చదివిన రోజున పెరట్లోకి వెళ్లబుద్ధి కాలేదు.

తర్వాత ఒక డాక్టరు గారు స్కిజోఫ్రీనియా అని చెప్పి, రోజూ వేసుకోవడానికి మాత్రలు, నెలకొక ఇంజెక్షను రాశారు. రెండు నెలలకు తమ్ముడు అన్న మాట ఇది: "తిట్లు ఆగలేదక్కా, గొంతు తగ్గించారు." ఆ తగ్గిన గొంతుతోనే వాడు ఇప్పటికీ కాపురం చేస్తున్నాడు.

ఇక పెద్ద ఆసుపత్రి మాట. విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలాంటివి అక్కర్లేదని నేను అనడం లేదు. జబ్బు ముదిరి, నిద్రాహారాలు పోయినప్పుడు మంచం కావలసిందే. కానీ ఈ పదహారేళ్లలో తమ్ముడు ఆసుపత్రి మంచం మీద గడిపింది, రెండు విడతలూ కలిపి, 47 రోజులు. మిగతా కాలమంతా మా వీధిలోనే ఉన్నాడు. కొత్త ఆసుపత్రికి ఎన్ని అంతస్తులు వేసినా అది చూసుకునేది ఆ 47 రోజులనే. వీధిలో గడిచిన రోజుల సంగతి మీ పాఠకుడు రాయలేదు, అధికారులూ మాట్లాడరు.

ఆ రోజులు ఎలా గడుస్తాయో చెబుతాను. నెలకొకసారి మందుల కోసం రెండు బస్సులు మారి ఒక పెద్ద ఊరికి వెళ్లాలి. ఆసుపత్రి పేరు వద్దు, అక్కడివారు మంచివారే. తెల్లవారుజామున బయలుదేరితే ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళవుతుంది. వాడి కూలీ, నా పని రెండూ పోతాయి. మూడు నాలుగు నెలలకొకసారి "ఈ మాత్ర స్టాకు లేదు, వచ్చే వారం రండి" అంటారు. ఆ వచ్చే వారం వెళ్లలేని ఇళ్లలోనే జబ్బు తిరగబెడుతుంది. నిజానికి 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షను, అత్యావశ్యక మందుల జాబితాలోని మానసిక మందులు సామాజిక ఆరోగ్య కేంద్రం మొదలుకొని పై ప్రభుత్వ ఆసుపత్రులన్నింటిలో ఎల్లవేళలా ఉచితంగా దొరకాలని చెబుతోంది. ఎల్లవేళలా అన్న మాట చట్టంలోదే, నాది కాదు. మాకు దగ్గరలోని కేంద్రంలో అడిగితే, బీపీ మాత్రలున్న అలమరా చూపించి, ఇవే ఉన్నాయమ్మా అన్నారు.

2022 జులై వరద మీ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. కాజ్‌వే మునిగింది. మాకు రాకపోకలన్నీ పడవ మీదే. పడవలో బియ్యం, పాల ప్యాకెట్లు, మంచినీళ్లు వచ్చాయి. వైద్య సిబ్బంది కూడా వచ్చి బీపీ మాత్రలు, సుగరు మాత్రలు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పంచారు. వానలో తడుస్తూ పంచారు, వాళ్లకు దణ్ణం పెట్టాలి. తమ్ముడి మాత్రల షీటులో అప్పటికి రెండే మిగిలాయి. ఖాళీ షీటు పట్టుకుని పడవ దగ్గరకు వెళితే, అటూ ఇటూ తిప్పి చూసి, ఇలాంటివి మా పెట్టెలో ఉండవమ్మా అన్నారు. ఉన్న రెండు మాత్రలను సగాలు చేసి నాలుగు రోజులు లాగాను. అలా విరవకూడదని తర్వాత తెలిసింది. వారం తిరిగేసరికి వాడు నిద్రపోవడం మానేశాడు. వరద తీశాక రెండోసారి ఆసుపత్రిలో చేర్చాం. ఇందాక చెప్పిన 47 రోజుల్లో 21 రోజులు ఆ వరద ఖాతాలోవే.

ఆ అక్టోబరులోనే 14416 నంబరుతో టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ వచ్చింది. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ తెలుగులోనే మాట్లాడతారు. నేను రెండుసార్లు చేశాను. ఓపికగా విన్నారు. అయితే ఫోనులోంచి మాత్ర రాదు.

తమ్ముణ్ణి నిలబెట్టిన మనిషి గురించి రాయకపోతే ఈ ఉత్తరం సగమే అవుతుంది. ఆయన డాక్టరు కాదు, అంబాజీపేట మార్కెట్టుకు కాయ పంపే కొబ్బరి వ్యాపారి. వొలుపు పనికి తీసుకోమని అడిగితే ముందు తమ్ముడి చేతులు చూశారు. మందుల వల్ల వేళ్లు సన్నగా వణుకుతాయి. గునపం మీద కాయ గుచ్చి వొలిచేటప్పుడు చేయి జారితే అరచేతిలో దిగుతుంది. "ఈ పని వద్దు, లెక్క చూడు" అని వొలిచిన కాయల రాశి దగ్గర కూర్చోబెట్టారు. మొదటి వారమంతా లెక్క తప్పింది. మధ్యలో ఎవరో పిలిచినట్టు వాడు తలెత్తేవాడు, అంతే, అంకె పోయేది. మళ్లీ ఒకటి నుంచి మొదలు. సాయంత్రానికి లారీ ఆగిపోయేది, కూలీలు విసుక్కునేవారు. అప్పుడాయన ఒక ఉపాయం చెప్పారు. వంద అవగానే ఒక కాయ తీసి పక్కన వరసలో పెట్టు. ఎవరు పిలిచినా నీకు పోయేది ఆ ఒక్క వందే. వరసలో ఉన్నవి ఎక్కడికీ పోవు. తమ్ముడు ఇప్పుడు లారీ లోడు లెక్క ఒక్కడే తేలుస్తాడు. మధ్యాహ్నం గొంతులు పెరిగితే లేచి కాలువ గట్టు మీద కాసేపు నడిచి వస్తాడు. ఎక్కడికని ఎవరూ అడగరు. మొదట్లో సగం కూలీ ఇచ్చారు, ఏడాది తిరిగాక అందరితో సమానంగా ఇస్తున్నారు.

నర్సింగ్ చదివే మా అమ్మాయి ఒక సంగతి చెప్పింది. తమిళనాడు, గోవా, మహారాష్ట్రల్లో స్కిజోఫ్రీనియా ఉన్నవారి ఇళ్లకు, స్థానికులకే శిక్షణ ఇచ్చి పంపి, ఏడాది పాటు చూశారట. ఆ ఫలితాలు 2014లో ప్రచురించారు. ఆసుపత్రి వైద్యం ఒక్కటే అందినవారికంటే, దానికి ఇంటి దగ్గర తోడు కూడా దొరికినవారు కొంత మెరుగయ్యారు. అద్భుతమేమీ కాదు, కొంతే. మా ఇంట్లో ఆ కొంతకు ఎంత విలువో నాకు తెలుసు. మా ఊరి ఆశా కార్యకర్త గర్భిణులను చూడటానికి వచ్చినప్పుడు మా గుమ్మం దగ్గర కూడా ఒక నిమిషం ఆగి, "షీటు చూపించు తమ్ముడూ" అని మాత్రలు లెక్కపెట్టి వెళుతుంది. ఆమె రాసే రిజిస్టరులో దానికి గడి లేదట. ఆ గడి గీయడానికి కొత్త భవనం అక్కర్లేదు.

వైకల్యం ఎంత శాతమో ప్రభుత్వ డాక్టర్లు తేల్చి ఇచ్చే సదరం సర్టిఫికెట్ గురించి కూడా చెప్పాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో మానసిక అనారోగ్యం ఒకటి. 40 శాతం ఉంటే పింఛను వస్తుంది, 2024 జులై నుంచి నెలకు 6,000 రూపాయలు. శాతం కట్టేటప్పుడు తన పనులు తాను చేసుకుంటున్నాడా, నలుగురితో మెలుగుతున్నాడా, మాట అర్థం చేసుకుంటున్నాడా, సంపాదన పని చేస్తున్నాడా అని చూస్తారు. కాయల లెక్క చూస్తున్నాడని చెబితే శాతం తగ్గుతుందేమోనని భయం. చెప్పకపోతే అబద్ధం. క్యాంపు రోజున తమ్ముణ్ణి గడ్డం గీసుకోవద్దని చెప్పిన అక్కను నేను. వాడు శుభ్రంగా గీసుకునే వచ్చాడు. పని చేస్తే తెగిపోయే పింఛను అయితే, మనిషిని అరుగు మీద కూర్చోబెట్టి ఉంచడానికే ఇంటివాళ్లు మొగ్గుతారు. పని దొరికిన మొదటి రెండు మూడేళ్లయినా పింఛనుకు అడ్డు చెప్పకూడదని నా మనవి.

బస్టాండులో తిరిగేవారిని పోలీసులు చూడాలన్న మాట సబబే. ముందు చెప్పిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షను వారిని కాపాడి 24 గంటల్లోగా దగ్గరలోని ప్రభుత్వ ఆరోగ్య సంస్థకు చేర్చమంటోంది, లాకప్‌లో పెట్టవద్దంటోంది. ఆ దగ్గరలోని సంస్థలో మాత్రే లేకపోతే పోలీసులు మాత్రం ఏం చేస్తారు? అందుకని కలెక్టరు గారినీ, జిల్లా వైద్యాధికారులనూ అడిగేది ఇదే. వచ్చే జూన్ లోపల, వరద రాకముందే, లంకలకు వెళ్లే పడవ పెట్టెలో ఈ మందులు కూడా చేర్చండి. ఏ ఊళ్లో ఎవరికి ఏ మందు కావాలో ఆశా కార్యకర్తలను అడిగితే ఒక పూటలో జాబితా తయారవుతుంది.

నా పేరు వేయవద్దని మనవి. అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. ఈ ఉత్తరం తమ్ముడికి చదివి వినిపించాను. కాయల దగ్గర ఒకచోట నేను తప్పు రాస్తే దిద్దాడు. "బాగైపోయాడని రాయలేదు కదా? మందు వేసుకుంటున్నాడనే రాయి" అన్నాడు. తన పేరు వేసుకున్నా ఫర్వాలేదన్నాడు కూడా. వాడికేం, పెళ్లి కావలసిన కూతురు లేదు. మా అమ్మాయి పెళ్లయ్యాక మీకు మళ్లీ రాస్తాను, ఈసారి పేరుతో.

– ఒక అక్క,
లంక గ్రామం, కోనసీమ జిల్లా