మా 9 ఆదివారాల కూలి గురించి ఫిర్యాదు

బెంగళూరు

లండన్ ఆఫీసు కొనుగోళ్ల విభాగం వారికి,

అయ్యా, అమ్మా,

పీణ్య దగ్గర మీ చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో నేను మూడో లైన్ టైలర్‌ని. మాది హిందూపురం వైపు. పదకొండేళ్లుగా ఇక్కడ గార్మెంట్స్‌లోనే ఉన్నాను. కాలర్ లోపల మీ పేరున్న లేబుల్ కుట్టేది నేనే. తెలుగులో రాస్తున్నానని ఏమీ అనుకోకండి. గేటు దగ్గర మీరు పెట్టించిన రూల్స్ బోర్డు ఇంగ్లిష్‌లో ఉంటే మేం ఎవరినో బతిమాలి చదివించుకున్నాం. ఇది మీరూ అలాగే చదివించుకోండి.

గొడవంతా ఆదివారాల గురించే. గుడ్డ రాలేదనో కరెంటు లేదనో వారం మధ్యలో మధ్యాహ్నానికే ఇంటికి పంపేస్తారు. అది మేం అడిగిన సెలవు కాదు. దానికి బదులని ఆదివారం రమ్మంటారు. దీని పేరు కాంప్ ఆఫ్. పోయింది సగం రోజు, మా దగ్గర రాబట్టుకునేది పూర్తి రోజు. రాకపోతే సోమవారం గేటు దగ్గరే నిలబెడతారు. ఈ ఆరు నెలల్లో ఇలా 9 ఆదివారాలు పోయాయి. గోడ క్యాలెండర్‌లో ఆ ఎర్ర అంకెల చుట్టూ పెన్నుతో సున్నాలు చుట్టాను, ఫొటో జత చేశాను. పేస్లిప్‌లో మాత్రం ఓటీ (ఓవర్‌టైమ్) గడి ఖాళీ.

ఓటీకి రెట్టింపు కూలి ఇవ్వాలన్నది 1948 ఫ్యాక్టరీల చట్టం 59వ సెక్షన్ నుంచీ ఉన్నదే. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్ కూడా ఆ మాట తీసేయలేదు. హెచ్ఆర్‌ని అడిగితే, ‘బయ్యర్ ఇచ్చిన డేట్ అలాంటిదమ్మా’ అన్నారు. అది పూర్తిగా అబద్ధమూ కాదు. పోయినసారి బటన్ రంగు మీరు రెండుసార్లు మార్చారు. షిప్‌మెంట్ డేట్ మాత్రం ఒక్కరోజు కూడా జరపలేదు.

పోయిన నెల మీ ఆడిట్ వాళ్లు వచ్చారు. ముందురోజే టాయిలెట్లలోకి సబ్బులు, పిల్లల గదిలోకి కొత్త బొమ్మలు వచ్చాయి. కవర్లు విప్పొద్దని ఆయాకు చెప్పి, సాయంత్రం బొమ్మలు తిరిగి పట్టుకుపోయారు. ఓటీ ఇస్తున్నారా అని నన్నూ అడిగారు. తలుపు పక్కనే సూపర్‌వైజర్ నిలబడి ఉన్నాడు. ఇస్తున్నారనే చెప్పాను. ఆ అబద్ధం నాదే, కాదనను.

2025 జూలై 24న మీ దేశం, మా దేశం వాణిజ్య ఒప్పందం మీద సంతకాలు చేశాయి కదా. అందులో కార్మికుల మీద ఒక అధ్యాయమే ఉందని, వ్యాపారం కోసం కార్మిక చట్టాలను పలచన చేయకూడదని రాసుకున్నారని మా యూనియన్ అక్క చెప్పింది. సంతోషపడేలోపే రెండో మాటా చెప్పింది: ఆ అధ్యాయం విషయంలో తేడా వస్తే ఒప్పందంలోని వివాద పరిష్కారానికి పోవడానికి లేదట. సుంకం తగ్గితే మీ బిల్లులో రూపాయలతో సహా తెలిసిపోతుంది. మా అధ్యాయానికి అలాంటి లెక్క లేదు. అందుకే ఈ ఉత్తరం ప్రభుత్వాలకు కాక మీకే రాస్తున్నాను.

ఆ 9 ఆదివారాలకూ రెట్టింపు కూలి లైన్‌లో అందరికీ ఇప్పించండి. ఆడిట్ వాళ్లు మాతో ఫ్యాక్టరీ బయట, మా బస్తీలో మాట్లాడాలి. రూల్స్ బోర్డు కన్నడలో, తెలుగులో, హిందీలో కూడా పెట్టించండి. ఇంకొక్క మాట, ఇదే నాకు అన్నిటికన్నా టెన్షన్: ఇది చదివి చెడ్డపేరు మనకెందుకని ఆర్డర్ వేరే చోటికి మార్చేయకండి. మీరు చేతులు కడుక్కుంటారు, మా లైన్‌లో అరవైమంది ఇంటికి పోతారు. ఉండి సరిచేయించండి.

జవాబు ఫ్యాక్టరీకి పంపొద్దు. కవర్ మీద యూనియన్ ఆఫీసు అడ్రసు ఉంది, అక్కడికే పంపండి. కలిసి మాట్లాడదామంటే ఏ సాయంత్రమైనా వస్తాను. ఆదివారం మాత్రం పెట్టకండి, డ్యూటీ ఉంటుంది.

ఇట్లు,
మూడో లైన్ టైలర్