బేస్‌బాల్ అభిమానుల విభాగం: 2024 వార్షిక నివేదిక

సంక్రాంతి సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన పెద్దలకు, సభ్యులకు, పిల్లలకు నమస్కారం. మన సంఘం తరఫున టెక్సాస్ రేంజర్స్ జట్టును అనుసరిస్తున్న బేస్‌బాల్ విభాగం ఈ ఏడాది చేసిన పనులను మీ ముందు ఉంచుతున్నాను. ఈ నివేదికలో సంతోషించదగిన విషయాలతో పాటు ఒకటి రెండు తలదించుకోవలసిన సంగతులు కూడా ఉన్నాయి. దాచడం వల్ల ప్రయోజనం లేదు గనుక వాటినీ రాశాను.

విభాగంలో సభ్యత్వం ఒక్కసారిగా పెరిగింది 2023 శరదృతువులో అన్నది మీకందరికీ తెలుసు. 1961లో వాషింగ్టన్‌లో పుట్టి 1972లో డాలస్ దగ్గరి ఆర్లింగ్టన్‌కు తరలివచ్చిన ఈ జట్టు, 2010లోనూ 2011లోనూ టైటిల్‌ను తేల్చే వరల్డ్ సిరీస్ దాకా వెళ్లి ఓడిపోయింది. 2011లో ఆరో ఆటలో గెలుపు ఒక్క స్ట్రైక్ (బ్యాటర్ కొట్టలేకపోయే సరైన బంతి) దూరంలో రెండుసార్లు నిలిచి రెండుసార్లూ చేజారింది. అటువంటి జట్టు చివరకు 2023 నవంబరు 1న ఆరిజోనా డైమండ్‌బ్యాక్స్‌పై 5-0తో గెలిచి తొలి టైటిల్ అందుకుంది. ఆ పోస్ట్‌సీజన్‌లో (సీజన్ తర్వాతి నాకౌట్ దశలో) బయటి మైదానాల్లో ఆడిన పదకొండు ఆటలూ గెలిచింది. ఆ వారం మన వాట్సాప్ బృందంలో చేరినవారిలో చాలామంది 2024 ఆగస్టు నాటికి మౌనం వహించారు. వారిని తప్పుపట్టను. ఈ ఏడాది జట్టు 78 గెలుపులు, 84 ఓటములతో డివిజన్‌లో మూడో స్థానంలో మిగిలింది. మార్చి 28న షికాగో కబ్స్ మీద అదనపు పదో ఇన్నింగ్స్‌లో 4-3తో గెలిచి మొదలుపెట్టిన సీజన్‌కు అది తగిన ముగింపు కాదు. మన జట్టులోని జోష్ యంగ్ మణికట్టు ఏప్రిల్ మొదట్లోనే విరిగింది, ఇవాన్ కార్టర్ వెన్నునొప్పితో ఏడాదిలో ఎక్కువ భాగం బయటే కూర్చున్నాడు. జూలైలో మేటి ఆటగాళ్లంతా ఆడే ఆల్‌స్టార్ ఆట మన ఆర్లింగ్టన్‌లోనే జరిగినా, టికెట్ల ధర చూసి మనం ఇంట్లో టీవీ ముందే కూర్చున్నాం.

అయినా ఈ ఏడాది వ్యర్థం కాలేదని కార్యవర్గం అభిప్రాయపడుతోంది. అందుకు కారణం ఆర్లింగ్టన్ కాదు, ఫ్రిస్కో.

మనలో సగం కుటుంబాలు ఫ్రిస్కో, ప్లేనో ప్రాంతాల్లోనే ఉంటున్నా, రేంజర్స్‌కు అనుబంధంగా డబుల్-ఎ స్థాయిలో (అత్యున్నతమైన మేజర్ లీగ్‌కు రెండు మెట్లు కింద) ఆడే రఫ్‌రైడర్స్ జట్టు మన ఇళ్లకు అంత దగ్గరలో ఉందన్న సంగతిని చాలాకాలం పట్టించుకోలేదు. క్రికెట్‌తో పెరిగిన మనకు ఈ ఏర్పాటు కొంచెం కొత్తది. రంజీ ఆడే కుర్రవాడు తన రాష్ట్రానికి ఆడతాడు, అక్కడి నుంచి ఎవరో ఎంపిక చేస్తే పైకి వెళతాడు. ఇక్కడ కింది మెట్టు మీద ఆడే కుర్రవాడితో కూడా పెద్ద జట్టే ఒప్పందం చేసుకుంటుంది, జీతమిచ్చి, శిక్షణ ఇచ్చి, ఏ మెట్టు మీద ఎన్నాళ్లు ఉండాలో తానే నిర్ణయిస్తుంది. ఈ ఏడాది వరకు రేంజర్స్ నిచ్చెన కింది నుంచి పైకి కిన్‌స్టన్, హికరీ, ఫ్రిస్కో, రౌండ్ రాక్ అన్న క్రమంలో ఉండేది. వచ్చే సీజన్ నుంచి కిన్‌స్టన్ జట్టు ఉండదు. హికరీ ఒక మెట్టు దిగుతుంది, దానిపై మెట్టులో దక్షిణ కరోలినాలోని స్పార్టన్‌బర్గ్ కొత్తగా చేరుతుంది. ఫ్రిస్కో స్థానం మారదు. వచ్చిన ప్రత్యర్థి జట్టు మంగళవారం నుంచి ఆదివారం దాకా ఇక్కడే ఉండి ఆరు ఆటలు ఆడుతుంది గనుక, మంగళవారం చూసిన పిచ్చర్‌ను (బంతి విసిరేవాణ్ని) ఒక్కోసారి ఆదివారం మళ్లీ చూడవచ్చు. మొదటిసారి దెబ్బతిన్నవాడు రెండోసారి ఏం మార్చుకున్నాడో గమనించడమే మా బృందానికి ఈ ఏడాది ఎక్కువ ఆనందం ఇచ్చింది. అవుట్‌ఫీల్డ్ వెనుక నీటి కాలువలో ట్యూబుల మీద తేలుతూ ఆట చూసే సదుపాయం అక్కడ ఉంది. పిల్లలను మైదానం వైపు తిప్పి కూర్చోబెట్టడం మాత్రం తల్లిదండ్రుల బాధ్యతేనని మరొకసారి మనవి.

వర్ధమాన ఆటగాళ్ల గురించి నెలకొకసారి తెలుగులో రెండు పేజీల పత్రం వెలువరించాం. అందులో ఎక్కువ చోటు ముగ్గురికి దక్కింది. వయాట్ లాంగ్‌ఫర్డ్ 2023 డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమంలో) నాలుగో ఎంపికగా వచ్చి, అదే వేసవిలో హికరీ, ఫ్రిస్కో, రౌండ్ రాక్ మెట్లు గబగబా ఎక్కి, 2024 తొలి ఆటకే పెద్ద జట్టులో నిలబడ్డాడు. ఒకే దెబ్బతో బేస్‌లన్నీ చుట్టివచ్చే హోమ్ రన్ అతనికి మొదటిసారి దక్కినప్పుడు బంతి గోడ దాటలేదు, అతను పరుగు తీసి సాధించింది అది. జూన్ 30న బాల్టిమోర్‌లో సింగిల్, డబుల్, ట్రిపుల్ (ఒకటి, రెండు, మూడు బేస్‌లు చేర్చే దెబ్బలు), హోమ్ రన్ నాలుగూ ఒకే ఆటలో కొట్టాడు. బహామాస్ నుంచి వచ్చిన సెబాస్టియన్ వాల్కాట్ పద్దెనిమిదేళ్లకే సీజన్ చివర్లో ఫ్రిస్కోకు చేరాడు, వచ్చే ఏప్రిల్‌లో మనం చూడవలసిన మొదటి పేరు అతనిదే.

మూడో పేరు పిచ్చర్ కుమార్ రాకర్. అతని తండ్రి ట్రేసీ రాకర్ ఆబర్న్ విశ్వవిద్యాలయ అమెరికన్ ఫుట్‌బాల్‌లో పేరుమోసిన ఆటగాడు, తల్లి భారతీయ సంతతికి చెందినవారు. 2019లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం తరఫున డ్యూక్ జట్టుకు ఒక్క హిట్ (బ్యాటర్‌ను బేస్ చేర్చే దెబ్బ) కూడా ఇవ్వకుండా పందొమ్మిది స్ట్రైకౌట్లు (బ్యాటర్‌ను మూడు స్ట్రైక్‌లతో అవుట్ చేయడం) సాధించినప్పటి నుంచి అతని పేరు అందరి నోటా వినిపించింది. 2021 డ్రాఫ్ట్‌లో న్యూయార్క్ మెట్స్ పదో ఎంపికగా తీసుకున్నా, వైద్య పరీక్షల దగ్గర తేడా వచ్చి ఒప్పందం కుదరలేదు. భుజానికి శస్త్రచికిత్స జరిగింది, ఆ తర్వాత ఏ పెద్ద జట్టుకూ చెందని చిన్న లీగులో కొన్ని ఆటలు ఆడాడు. 2022లో రేంజర్స్ అతన్ని ఏకంగా మూడో ఎంపికగా తీసుకోవడం చాలామందిని ఆశ్చర్యపరిచింది. మరుసటి మే నెలలో మోచేతికి టామీ జాన్ శస్త్రచికిత్స అవసరమైంది. శరీరంలో మరోచోటి నుంచి తీసిన స్నాయువును (టెండన్) మోచేతిలో తెగిన లిగమెంట్ స్థానంలో అమర్చే చికిత్స అది, కోలుకోవడానికి ఏడాదికి పైగానే పడుతుంది.

2024 సెప్టెంబరు 12న సియాటిల్‌లో అతను తొలిసారి మేజర్ లీగ్ మైదానంలో అడుగుపెట్టాడు. అక్కడి సమయం వేరు గనుక మనకు ఆట రాత్రి పొద్దుపోయాక మొదలైంది, మర్నాడు పిల్లలకు బడి ఉంది. అయినా ఒక సభ్యుని ఇంట్లో హాలు నిండిపోయింది. గుంటూరు నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడ, అప్పటిదాకా పక్క గదిలో చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటున్నవారు, టీవీలో వ్యాఖ్యాత పదేపదే కుమార్, కుమార్ అనడం విని పళ్లెం చేత్తో పట్టుకునే వచ్చి, "ఎవర్రా ఈ కుమార్? మనవాడేనా?" అని అడిగారు. అతని అమ్మమ్మ తాతయ్యలు ఇండియా నుంచి వచ్చినవారని చెప్పగానే కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నాలుగు ఇన్నింగ్స్‌లో ఏడు స్ట్రైకౌట్లు, ఇచ్చిన పరుగు ఒక్కటే. స్ట్రైకౌట్ అంటే ఏమిటో ఆమెకు రెండో ఇన్నింగ్స్‌లోనే అర్థమైంది. అదే వాండర్‌బిల్ట్ నుంచి వచ్చిన మరో పిచ్చర్ జాక్ లైటర్ ఏప్రిల్‌లో డెట్రాయిట్‌లో తొలి ఆటలోనే ఏడు పరుగులిచ్చి నాలుగు ఇన్నింగ్స్ కూడా పూర్తి చేయలేకపోయాడు. తొలి ఆటను చూసి ఎవరి భవిష్యత్తునూ తేల్చవద్దని మన పత్రంలో అప్పుడే రాశాం. రాకర్ విషయంలోనూ అదే మాటకు కట్టుబడి ఉన్నాం, కష్టంగానే.

వార్తల విషయంలో జరిగిన పొరపాటు ఒకటి చెప్పాలి. ఆటగాళ్ల మార్పిడికి గడువైన జూలై 30కి ముందు, ఒక విలేఖరి పేరును పోలిన నకిలీ ఖాతాలో వచ్చిన వార్తను నేనే స్వయంగా బృందంలో పంచాను. నలభై నిమిషాల పాటు అందరూ ఒక ఆటగాడికి వీడ్కోలు పలికారు, అతను ఆ సాయంత్రం యథాప్రకారం బ్యాటు పట్టుకుని దిగాడు. అప్పటి నుంచి జట్టు ప్రకటించినదో, పత్రికలో విలేఖరి పేరుతో వచ్చినదో అయితేనే పంచాలని నియమం పెట్టుకున్నాం. మిగిలినవన్నీ "పుకారు" అన్న మాటతో మొదలుకావాలి.

ఇక పిల్లలు పోగుచేసే, ఆటగాళ్ల బొమ్మలున్న కార్డుల సంగతి. ఈ ఏడాది ఎక్కువ ఉత్సాహం, ఎక్కువ తగాదా రెండూ ఇక్కడే. బబుల్ గమ్‌తో వచ్చే క్రికెట్ బొమ్మలు పోగుచేసిన తరం మనది. మన పిల్లల చేతిలో ఉన్నవి మాత్రం సంఖ్య వేసి, సంతకం పెట్టి, గట్టి ప్లాస్టిక్‌లో బిగించి అమ్మే వస్తువులు. కొత్తగా చేరినవారి కోసం రెండు మాటలు: ఇంకా కింది మెట్ల మీద ఉన్న ఆటగాడి తొలి బోమన్ బ్రాండు కార్డు మీద 'ఫస్ట్ బోమన్' అన్న ముద్ర ఉంటుంది. మేజర్ లీగ్‌లో అడుగుపెట్టాక వచ్చే కార్డు మీద 'ఆర్‌సీ' అనే రూకీ (కొత్త ఆటగాడి) ముద్ర ఉంటుంది. రాకర్ సెప్టెంబరులో వచ్చాడు గనుక అతని రూకీ కార్డు కోసం పిల్లలు 2025 కార్డుల పెట్టెల వైపు చూస్తున్నారు.

ధరల మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు 1952 నాటి న్యూయార్క్ యాంకీస్ ఆటగాడు మికీ మాంటిల్ కార్డును గుర్తుచేస్తారు. అది 2022లో కోటీ ఇరవై ఆరు లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది, వేలం వేసినది మన డాలస్ సంస్థే. ఆ కథకు విరుగుడుగా మన సీనియర్ సభ్యుడొకరు తన గరాజు తెరిచి చూపించారు. ఆయన 1990 ప్రాంతంలో పిల్లల కాలేజీ చదువుకు పనికొస్తాయని కార్డుల పెట్టెలకు పెట్టెలు కొని అటక మీద దాచారు. ఆ కాలంలో కంపెనీలు విపరీతంగా అచ్చువేయడం, కొన్నవారందరూ ఆయనలాగే దాచుకోవడం వల్ల వాటిలో చాలావాటికి నేడు పెట్టె ఖరీదు కూడా రాదు. ఆయన వాటిని అక్టోబరులో పిల్లలకు పంచేశారు. ఆ గుట్టలో రేంజర్స్ పిచ్చర్‌గా పేరుపొందిన నోలన్ ర్యాన్ కార్డు ఒకటి బయటపడింది. నలభై నాలుగేళ్ల వయసులో, 1991 మే 1న, ఆర్లింగ్టన్‌లో టొరంటోపై ర్యాన్ తన ఏడో నో-హిట్టర్ (ప్రత్యర్థికి ఒక్క హిట్ కూడా ఇవ్వని ఆట) విసిరిన రాత్రి కారు రేడియోలో విన్నానని, ఇల్లు చేరినా చివరి అవుట్ దాకా కారు దిగలేదని ఆయన చెప్పారు. ధర ఎంతని ఆ కార్డు అందుకున్న పాప అడగలేదు, ఆ రాత్రి ఇంట్లో ఎవరెవరు ఎదురుచూశారని అడిగింది.

పిల్లల మార్పిడి సమావేశంలో మాత్రం మనసు నొచ్చుకునే ఘటన జరిగింది. రెండో తరగతి బాబు ఒకడు ఫ్రిస్కో మైదానంలో కంచె దగ్గర గంటసేపు నిలబడి సంపాదించిన సంతకం కార్డును, తళతళ మెరుస్తున్నదన్న ఒకే కారణంతో, ఏ విలువా లేని మరో కార్డుకు ఇచ్చేశాడు. తీసుకున్న ఆరో తరగతి అబ్బాయికి దాని విలువ బాగా తెలుసు. ఇరు కుటుంబాలవారు పెద్ద మనసుతో మాట్లాడుకుని కార్డు తిరిగి ఇప్పించారు, కానీ రెండు వారాలు ఆ పిల్లలు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. ఇకపై పన్నెండేళ్ల లోపు పిల్లల మార్పిడులన్నీ ఒక రాత్రి గడిచాకే ఖాయమవుతాయి. మర్నాడు ఎవరైనా వద్దంటే, కారణం అడగకుండా తిరిగి ఇవ్వాలి.

రెండో నష్టం ఉమ్మడి నిధికి జరిగింది. కొందరు సభ్యుల కోరిక మీద దీపావళికి ఒక దుకాణం నుంచి కార్డుల పెట్టె కొన్నాం. పైనున్న ప్లాస్టిక్ పొర మీద కంపెనీ ముద్ర లేదని, అంచుల దగ్గర మళ్లీ అతికించినట్టు ముడతలున్నాయని విప్పాక గమనించాం. పెట్టె మీద రాసిన సంతకం కార్డు లోపల లేదు. విప్పిన పెట్టెను వెనక్కి తీసుకునేది లేదని దుకాణంవారు అన్నారు. ఉమ్మడి సొమ్ముతో పెట్టెలు కొనడం జూదమేనని మొదటి నుంచీ వాదించిన ఇద్దరు సభ్యుల మాట ఆ రోజు వినకపోయినందుకు కార్యవర్గం విచారం తెలియజేస్తోంది. ఇకపై ఉమ్మడి నిధి టికెట్లకు, ఆల్బములకు, కార్డులు దాచే ప్లాస్టిక్ తొడుగులకు మాత్రమే వాడాలని తీర్మానం ప్రతిపాదిస్తున్నాం.

జమాఖర్చుల పట్టీ విడిగా బల్ల మీద ఉంది. పోయిన పెట్టె సొమ్మును కార్యవర్గ సభ్యులు తలా కొంత వేసుకుని పూడ్చారు.

ఏప్రిల్‌లో ఫ్రిస్కోలో తొలి వారం ఆటలకు మూడో బేస్ వైపు సీట్లు అడిగి ఉంచాం. సాయంత్రం ఎండ ముఖాన కొట్టకుండా ఉండే వరుసలు చూసి తీసుకోవాలని గత ఏడాది వచ్చిన పెద్దలు గట్టిగా చెప్పారు. రావాలనుకునేవారు ఈ రోజే బల్ల దగ్గర పేరు రాయించాలి. కోశాధికారి ఉద్యోగరీత్యా ఆస్టిన్ వెళుతున్నారు గనుక ఆ స్థానానికి ఒకరు ముందుకు రావాలని కోరుతున్నాను. గుంటూరు పెద్దావిడ ఈసారి మే నెలలో వస్తున్నారట. రాకర్ విసిరే రోజు ముందుగా తెలిస్తే టికెట్ తనకూ తీయమని కొడుకు ద్వారా కబురు పంపారు.

ఇట్లు,
కార్యదర్శి, బేస్‌బాల్ అభిమానుల విభాగం