పిచర్ మొక్క మీ ఇంటికి వస్తోంది: ఏడో తరగతి తల్లిదండ్రులకు

పాఠశాల వార్తాలేఖ, నవంబరు

ఏడో తరగతి విద్యార్థుల తల్లిదండ్రులకు నమస్కారం.

ముందుగా రెండు చిన్న విషయాలు. వాయుగుండాల కాలం కాబట్టి సెలవు ప్రకటిస్తే ఉదయమే ఫోనుకు సందేశం పంపిస్తాం. సందేశం రాకపోతే బడి ఉన్నట్టే లెక్క. తుమ్మలపెంట వైపు నుంచి బస్సులో వచ్చే పిల్లలకు గొడుగుకు బదులు రెయిన్‌కోటు ఇచ్చి పంపండి. బస్సులో తడి గొడుగులతో జరిగే కత్తియుద్ధాలు ఆపలేక మా ఆయా విసిగిపోయింది.

ఇక అసలు సంగతి. ఈ శనివారం నలుగురు పిల్లలకు ఒకటి చొప్పున పిచర్ మొక్కలు, అంటే ఆకు కొసన మూత ఉన్న కూజాతో పురుగులను పట్టి తినే మొక్కలు, ఇంటికి పంపుతున్నాం. ఎవరింట్లో ఉండాలో పిల్లలే చీటీలు వేసి తేల్చుకున్నారు. దసరా సెలవుల తర్వాత కడియం నర్సరీల నుంచి తెప్పించిన మొక్కలివి. ఇన్నాళ్లూ బడి వెనక గ్రీన్ నెట్ కింద పెరిగాయి. ఇప్పుడు నాలుగు అంగుళాల కుండీలు వాటికి ఇరుకయ్యాయి, అడుగు రంధ్రాల్లోంచి వేళ్లు బయటికి వస్తున్నాయి. వాటిని ఆరు అంగుళాల కుండీల్లోకి మార్చి, జాతీయ సైన్సు దినోత్సవమైన ఫిబ్రవరి 28 దాకా మీ ఇంట్లో చూసుకోవాలి. ఆ తర్వాత మళ్లీ బడికే తెచ్చేయండి. రోహిణీ కార్తె ఎండల నుంచి వాటిని కాపాడే బాధ్యత మాది.

ఇదంతా ఎందుకని అడిగే హక్కు మీకుంది. త్రైమాసిక పరీక్షలో పిచర్ మొక్క ప్రశ్నకు చాలామంది పిల్లలు ‘పురుగు పడగానే మూత మూసుకుంటుంది’ అని రాశారు. మూసుకోదు. ఆ మూత కదలదు. కూజాలోకి వాన నీళ్లు పడకుండా అడ్డుకోవడానికీ, అడుగువైపు తేనెలాంటి తీపి ద్రవాన్ని ఊరించి చీమలను పిలవడానికీ మాత్రమే అది ఉంది. పురుగును పడేసేది కూజా మూతి అంచు. ఆ అంచు మీద సన్నని గాడులుంటాయి, వాటి మీద తడి పొరలా పరుచుకుంటుంది. ఎండగా ఉన్నప్పుడు చీమ ఆ అంచు మీద తిరిగి, తీపి తిని, క్షేమంగా వెళ్లిపోతుంది. మంచు పడిన తెల్లవారుజామునో, జల్లు కురిసిన వెంటనో వస్తే మాత్రం కాలు నిలవదు. ఇది పుస్తకంలో బొమ్మ చూస్తే అర్థమయ్యేది కాదు. వరండాలో కూర్చుని ఒక చీమను అరగంట గమనించిన పిల్లవాడు మళ్లీ జన్మలో మూత మూసుకుంటుందని రాయడు.

అయితే ఒక్క మనవి. మన ఊళ్లో ప్రాజెక్టు అంటే ఏమిటో నాకు తెలుసు. ఆదివారం రాత్రి స్టేషనరీ కొట్టుకు పరుగెత్తి థర్మకోల్ షీటు కొనడం, నాన్న కోయడం, అమ్మ రంగులు వేయడం, ఈలోగా పిల్లవాడు నిద్రపోవడం. ఈసారి అలా వద్దు. కుండీ మార్చే పని పూర్తిగా పిల్లలే చేయాలి. మీరు పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి. నేల పాడవుతుందని భయముంటే పాత పేపరు పరచండి.

మిమ్మల్ని కంగారు పెట్టే సంగతి ఇంకొకటి చెప్పాలి. మొక్క కనబడితే ఏదో ఒకటి వేయకుండా మనం ఉండలేం. రైతు ఇళ్లలో అయితే చెయ్యి దానంతట అదే డీఏపీ బస్తా వైపు వెళుతుంది. అమ్మమ్మలు బియ్యం కడిగిన నీళ్లు, నానమ్మలు టీ పిప్పి పోస్తారు. పశువుల ఎరువు, వర్మీకంపోస్టు, వేపపిండి, జీవామృతం, పెరట్లోని మట్టి, ఇవన్నీ వేరే ఏ మొక్కకైనా మేలు చేసేవే. ఈ మొక్కకు మాత్రం విషంతో సమానం. నెపెంథిస్ (ఈ పిచర్ మొక్కల శాస్త్రీయ నామం) జాతులు పోషకాలు దాదాపుగా లేని నేలల్లో పుట్టి పెరిగాయి. నేలలో దొరకని నత్రజని, భాస్వరం పురుగుల నుంచి తీసుకోవడానికే ఆకు కొస కూజాగా మారింది. పిండి పదార్థం మాత్రం అన్ని మొక్కల్లాగే ఎండలో తానే తయారు చేసుకుంటుంది. దాని వేళ్లకు ఎరువు అలవాటు లేదు, వేస్తే మాడిపోతాయి.

నీళ్ల విషయంలో మరీ జాగ్రత్త. తీరం వైపు ఊళ్లలో బోరు నీటికి ఉప్పు, కనిగిరి వైపు వెళ్తే ఫ్లోరైడ్. మనుషులకే పడని నీళ్లు ఈ మొక్కకు అసలు పడవు. లవణాలు కుండీలో పేరుకుని వేళ్లను చంపేస్తాయి. కానీ మనకు ఈశాన్య రుతుపవనాలు ఉన్నాయి కదా! రాష్ట్రంలో చాలా జిల్లాలకు వానలు తగ్గే వేళ మనకు మొదలవుతాయి. డాబా గొట్టం కింద కాకుండా ఆరుబయట ప్లాస్టిక్ బకెట్టు పెట్టి వాన నీళ్లు పట్టండి. సిమెంటు తొట్టిలో నిలవ చేస్తే సున్నం దిగుతుంది. దోమలు గుడ్లు పెట్టకుండా బకెట్టు మీద పాత చీర ముక్క బిగించి కట్టండి. వాన లేని వారాల్లో ఆర్వో ప్లాంటు క్యాన్ నీళ్లు పోయవచ్చు. టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలను కొలిచేది) ఉన్నవారు 50 లోపు చూపిస్తోందో లేదో చూడండి. ఏసీ నుంచి కారే నీళ్లు కొందరు వాడతారు గానీ, వాన నీళ్లు ఉచితంగా కురుస్తున్న ఈ రెండు నెలల్లో ఆ అవసరం లేదు.

కుండీలోకి కావలసిన సామగ్రి సంచిలో కట్టి పంపుతున్నాం: ఎండిన స్ఫాగ్నమ్ నాచు, పెర్లైట్ (కుండీ మిశ్రమంలో కలిపే తేలికైన తెల్లని గుళికలు), రంధ్రాలున్న ప్లాస్టిక్ కుండీ. మట్టి కుండీ అందంగా ఉంటుంది, నిజమే. కానీ అది తేమను పీల్చి ఆరిపోతుంది, గోడల్లో లవణాలు దాచుకుంటుంది. నాచు చాలకపోతే కొబ్బరి పీచు ముక్కలు కలపవచ్చు. మన దగ్గర దొరికే పీచులో ఉప్పు ఉంటుంది కాబట్టి మంచినీళ్లలో నానబెట్టి, పిండి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ నానబెట్టాలి. పారబోసే నీళ్లు రంగు లేకుండా వచ్చేదాకా ఇలా చేయించండి. పెర్లైట్‌ను సంచిలోనే నీళ్లతో తడిపి తీయాలి. పొడిగా తీస్తే ఆ తెల్లని దుమ్ము ముక్కులోకి పోతుంది. ఉబ్బసం ఉన్న పిల్లలు ఈ పనికి దూరంగా ఉండాలి.

సాయంత్రం పూట, మబ్బుగా ఉన్న రోజైతే ఇంకా మంచిది, మొదలుపెట్టండి. నాచును నానబెట్టి, చేత్తో పిండితే నాలుగు చుక్కలు మాత్రమే రాలేంత తడి ఉంచాలి. దానికి దాదాపు అంతే పెర్లైట్ కలపాలి. పాత కుండీని చుట్టూ మెల్లగా నొక్కి, పక్కకు వంచి, మొక్కను కాండం దగ్గర పట్టుకుని జారనివ్వాలి. లాగకూడదు. అంచుల్లో పట్టేస్తే ఉదయగిరి చెక్క గరిటె కాడ లోపలికి పోనిచ్చి చుట్టూ తిప్పితే వదులుతుంది.

ఇక్కడ చాలా ఇళ్లలో కేకలు వినిపిస్తాయని ఊహిస్తున్నాను. వేళ్లు నల్లగా ఉంటాయి. కుళ్లిపోయాయని కత్తెర తీసుకోకండి. నెపెంథిస్ వేళ్ల రంగే నలుపు. మనం మొక్కల్లో చూసే తెల్లని, బలమైన వేళ్లలా ఉండవు, సన్నగా, నూగుతో, తాకితే తెగేంత సుకుమారంగా ఉంటాయి. నిజంగా కుళ్లిన వేరు మెత్తగా జారిపోతుంది, వాసన వేస్తుంది. అది మాత్రమే తీసేయాలి. మిగతా వాటికి అంటుకున్న పాత నాచును దులపకుండా, కడగకుండా అలాగే కొత్త కుండీలో నిలబెట్టి, ఖాళీలను కొత్త మిశ్రమంతో వదులుగా నింపాలి. కాండం ఇంతకు ముందు ఎంత లోతులో ఉందో అంతే ఉండాలి. అదిమి గట్టి పరచకూడదు, వేళ్లకు గాలి కావాలి. చివరగా అడుగు రంధ్రాల్లోంచి కారేదాకా పైనుంచి నీళ్లు పోయాలి. కింద పళ్లెం పెట్టి నీళ్లు నిలవ ఉంచడం మాత్రం వద్దు.

ఈ పని చేసేటప్పుడు కూజాల్లోని ద్రవం ఒలకకుండా చూడాలి. ఒలికితే కొద్దిగా వాన నీళ్లు పోస్తే చాలు. వేలు పెట్టి చూశారని భయపడకండి, చేతికి ఏమీ కాదు, కడుక్కుంటే సరిపోతుంది. ఇంట్లోని మాంసం ముక్కలు, ఇడ్లీ తునకలు అందులో వేయవద్దు. 1874లో జోసెఫ్ హుకర్ అనే వృక్షశాస్త్రవేత్త కూజాల్లో గుడ్డు తెల్లసొన, మాంసం వేసి అవి జీర్ణం కావడం చూపించిన మాట వాస్తవమే. ఆయన చేసింది పరిశోధన. మీ వంటగది మిగులుతో కూజా కుళ్లిపోతుంది. మన ఇళ్లలో చీమలకు కొరత లేదు, వాటి సంగతి మొక్క చూసుకుంటుంది.

కుండీ మారిన తర్వాత రెండు మూడు వారాలు నేరుగా ఎండ పడని, వెలుతురున్న చోట ఉంచండి. పెరట్లో నీళ్ల తొట్టి దగ్గర ఉండే తేమ దానికి ఇష్టం. గాలివాన వచ్చే రోజున వరండాలోకి తీసుకోండి, కూజాల తీగలు తెగిపోతాయి. కొన్ని పాత కూజాలు పైనుంచి గోధుమ రంగులోకి మారి ఎండుతాయి. అది సహజం. పూర్తిగా ఎండిన కూజాను మాత్రమే కత్తిరించి, ఆకు పచ్చగా ఉంటే వదిలేయండి. కొత్త ఆకు కొసన కూజా రాకుండా ఉత్త తీగే కనిపించినా కంగారు పడి ఏదీ వేయకండి. మొక్క కుదుటపడితే కూజా వస్తుంది.

కొందరు తండ్రులు ఇంకో మొక్క కొనాలని అడుగుతున్నారు. నర్సరీ సంకరాలు కొనండి. మనం ఇచ్చేది వెంట్రాటా, ఫిలిప్పీన్స్‌కు చెందిన రెండు జాతుల సంకరం, మొండి రకం. మన దేశంలో సహజంగా పెరిగే ఒకే ఒక్క నెపెంథిస్, ఖాసియానా, మేఘాలయ కొండల్లో ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్న మొక్క అది. అడవి నుంచి తెచ్చామని చెప్పి అమ్మేవారి దగ్గర కొనకండి. పురుగులు తినే మొక్కలు ఎలాగూ మన చుట్టుపక్కలే ఉన్నాయి. చెరువుల్లో, వరిమళ్లలో పసుపు పూలతో తేలే యుట్రిక్యులేరియా నీటి అడుగున సన్నని తిత్తులతో నీటిపురుగులను పీల్చేస్తుంది. ఆసక్తి ఉన్న పిల్లలను డిసెంబరులో ఒక చెరువు గట్టుకు తీసుకెళ్తాం. అనుమతి పత్రం విడిగా వస్తుంది.

పిల్లలు వారానికోసారి నోటుబుక్కులో మొక్క బొమ్మ గీయాలి. మీరు గీసిపెట్టకండి, మీ గీత మాకు తెలిసిపోతుంది. సందేహాలుంటే సాయంత్రం బడి వదిలాక సైన్సు టీచరును అడగవచ్చు. సంచిలో నాచు మిగిలితే పారేయకుండా తిరిగి పంపండి, తొమ్మిదో తరగతి వాళ్లు ఆర్కిడ్ల కోసం అడుగుతున్నారు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు
కావలి